వైశాఖ పూర్ణిమ – ఆంధ్రదేశమున బుద్ధ జయంతి



వైశాఖము మాధవునకు ప్రియమైన మాసమని పురాణములు చెప్పుచున్నవి. మన తిరుపతి క్షేత్రమున ఈ మాసమంతయు ఉత్సవములతోనే గడచును. శుద్ధ దశమిని నడుమ నుంచుకొని మూడు దినములు కొండపై నారాయణగిరి ఉద్యానవనమున శ్రీ పద్మావతీ పరిణయోత్సవములు జరుగును. చతుర్దశినాడు శ్రీ నృసింహ జయంతి, దానితోపాటు తరిగొండ వెంగమాంబ జయంతి. మరునాడు పూర్ణిమ. పున్నమి గరుడసేవలో శ్రీ మలయప్పస్వామివారు మాడవీథుల దర్శనమిత్తురు. తాళ్ళపాక అన్నమాచార్యులవారు జన్మించినదియు వైశాఖ పూర్ణిమయందే. ఇన్ని పర్వములు గల ఆ తిథి కెదురుగా మన పంచాంగములలో మరియొక పేరు కూడ అచ్చుపడి యుండును. అది బుద్ధ పూర్ణిమ.

కొన్ని సంవత్సరముల క్రిందట వైశాఖమాసపు ప్రసంగము ముగిసిన పిమ్మట, తీర్థము పుచ్చుకొనుటకు వచ్చిన ఒక వృద్ధురాలు మా యెదుట నిలిచి, "సామీ, పంచాంగంలో బుద్ధపూర్ణిమ అని రాసుండారే, ఆ పండగ మనదా, వాళ్లదా?" అని యడిగినది. మేము తడవుకొనక, "బుద్ధుడును విష్ణుమూర్తి అవతారమే గదమ్మా" అని బదులు చెప్పితిమి. ఆమె అంతటితో విడువలేదు. "అవతారమైతే మన పక్క ఆయనకు గుడి యాడుంది సామీ?" అన్నది. మాకు మాట తోచలేదు. ప్రసాదము చేతిలో పెట్టి పంపితిమి గాని, ఆ ప్రశ్న మాత్రము మాతోనే ఉండిపోయినది. నాటినుండి చదివినదియు, తిరిగి చూచినదియు కలిపి, ఆ తల్లికి ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమును నేడు మీ యెదుట ఉంచుచున్నాము.

పూర్ణిమ విశేషము

బౌద్ధులకు వైశాఖ పూర్ణిమ వంటి పర్వము వేరొకటి లేదు. సిద్ధార్థుడు లుంబినీవనమున జన్మించుట, ముప్పదియైదవ యేట నిరంజనా నదీతీరమున బోధివృక్షము క్రింద సంబోధిని పొందుట, ఎనుబదవ యేట కుశీనగరమున జంట సాలవృక్షముల నడుమ మహాపరినిర్వాణము చెందుట, ఈ మూడును వైశాఖ పూర్ణిమనాడే జరిగినవని థేరవాద సంప్రదాయము. అందుచేతనే వారు దీనిని ముమ్మారు పవిత్రమైన దినమని కొలుతురు. ఒక మహాత్ముని జయంతిని మనము ఒకనాడు, ఆరాధనను వేరొకనాడు జరుపుకొందుము. వారు పుట్టుకను, జ్ఞానమును, నిర్యాణమును ఒకే వెన్నెలలో తలంతురు. పుట్టినది గిట్టక తప్పదనియు, ఆ రెంటి నడుమ తెలిసికొనవలసినది ఒకటి కలదనియు ఈ కలయిక బోధించుచున్నది.

బౌద్ధదేశము లన్నింటను ఇదే లెక్క లేదు. జపానువారు జయంతిని ఏప్రిల్ 8న జరుపుకొని, జ్ఞానోదయమును, నిర్వాణమును వేరు దినములలో స్మరింతురు. టిబెట్టువారికి వారి నాలుగవ మాసపు పూర్ణిమ ముఖ్యము. సింహళ, బర్మా, సయాము దేశములవారు వైశాఖ పూర్ణిమనే పాటింతురు. 1950లో కొలంబో నగరమున ప్రపంచ బౌద్ధుల సమ్మేళనము ఏర్పడినప్పుడు ఈ పూర్ణిమను బుద్ధ జయంతిగా జరుపుకొనవలెనని తీర్మానించిరి. 1999 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కూడ దీనికి గుర్తింపు నిచ్చినది. మన దేశమున 1956లో, థేరవాదుల లెక్క ననుసరించి బుద్ధ నిర్వాణమునకు 2500 సంవత్సరములు నిండినవని, కేంద్ర ప్రభుత్వము గొప్ప ఉత్సవములు జరిపినది. చరిత్రకారులలో చాలమంది నిర్వాణకాలమును క్రీ.పూ. ఐదవ శతాబ్దమునకో, ఆ తరువాతికో తెచ్చుచున్నారు. సంవత్సరము విషయమున వాదము లున్నను, లుంబిని విషయమున సందేహము లేదు. అశోక చక్రవర్తి తన పట్టాభిషేకమైన ఇరువదియవ యేట స్వయముగ అచ్చటికి వచ్చి పూజించి, శాక్యముని పుట్టినచోటని స్తంభము నాటించి, ఆ గ్రామపు పన్ను తగ్గించెను. 1896లో ఆ స్తంభము మరల వెలుగు చూచినది.

ఉపోసథము – ఉపవాసము

ఆనాడు బౌద్ధ గృహస్థులు చేయు దాని నించుక విచారింతము. తెల్లవారకమున్నే స్నానము చేసి తెల్లని వస్త్రములు ధరించి విహారమునకు పోవుదురు. పూవులు, దీపములు, ధూపము సమర్పింతురు. బోధివృక్షపు మొదట నీరు పోయుదురు. నిత్యము పాటించు పంచశీలములకు మారుగా ఆనాడు అష్టశీలములను స్వీకరింతురు. ప్రాణిహింస, దొంగతనము, స్త్రీపురుష సంగమము, అసత్యము, మద్యము, మధ్యాహ్నము దాటిన పిదప భోజనము, ఆటపాటలు అలంకారములు, ఎత్తైన మెత్తని పరుపులు, ఈ ఎనిమిదింటిని విడుచుటయే అష్టశీలము. సింహళమున బాటసారు లందరికి వీథులలో అన్నపానీయములను ఉచితముగ పెట్టుట ఆచారము. ఇంటింట కాగితపు దీపగోళములు వ్రేలాడదీయుదురు.

ఈ వ్రతమునకు వారు పెట్టుకొన్న పేరు ఉపోసథము. ఆ మాట యెక్కడిది? వైదికులు దర్శపూర్ణమాసేష్టులకు ముందునాడు యజమానుడు నియమముతో అగ్నిసన్నిధిని వసించు దినమును ఉపవసథమందురు. అదియే పాళీభాషలో ఉపోసథమైనది. మన ఉపవాసమును ఆ ధాతువునుండి వచ్చినదే. బౌద్ధుల వినయపిటకమున ఒక కథ కలదు. ఇతర సంప్రదాయముల పరివ్రాజకులు అష్టమి, చతుర్దశి, పంచదశి తిథులలో కూడి ధర్మము చెప్పుచుండగా జనులు వారియెడ ప్రీతి చూపుచుండిరి. అది చూచి మగధరాజైన బింబిసారుడు, మన భిక్షువులును ఆ దినములలో కూడిన బాగుండునని బుద్ధునకు విన్నవించెను. బుద్ధుడు సమ్మతించెను. కావున పున్నమినాడు నియమముతో నుండవలెనన్న తలంపు ఒక్కరి సొత్తు కాదు. ఈ దేశపు ఆకాశము క్రింద నడచిన వారందరి ఉమ్మడి ఆస్తి అది. సంబోధికి ముందు సిద్ధార్థునకు సుజాత యను స్త్రీ పాలతో వండిన పాయసమును సమర్పించినదని బౌద్ధగాథ. పున్నమి యన్నచో పరమాన్నము గుర్తుకు వచ్చు మన యిల్లాండ్రకు ఆ గాథ పరాయిది కాదు.

మన సీమలో అశోకుని ధర్మలిపి

ఇదంతయు గంగాతీరపు మాట, మన రాయలసీమతో దీనికేమి సంబంధమని యడుగవచ్చును. గుత్తినుండి పత్తికొండకు పోవు దారిలో ఎర్రగుడి యను గ్రామము కలదు. ఆ గ్రామసమీపపు గుట్టబండలపై క్రీ.పూ. మూడవ శతాబ్దమున అశోకుడు చెక్కించిన ధర్మలిపులు 1929లో లోకమునకు తెలిసినవి. పదునాలుగు ప్రధాన శాసనములును, లఘుశాసనములును ఒకేచోట ఉండుట ఎర్రగుడి ప్రత్యేకత. లఘుశాసనమునందలి కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, మరుపంక్తి కుడినుండి ఎడమకు, దున్నుచు మరలు ఎద్దువలె చెక్కబడినవి.

ఆ బండపై రాజు వ్రాయించినదేమి? తల్లిదండ్రులను, గురువులను సేవింపవలెను, ప్రాణులయందు దయ చూపవలెను, సత్యము పలుకవలెను. ఈ మాటలను ఏనుగు మావటులు, లేఖకులు, రథశిక్షకులు, బ్రాహ్మణులు తమ శిష్యులకు పూర్వాచారము ననుసరించి నేర్పవలెనని ఆజ్ఞ. అదే బండపై పండ్రెండవ శాసనము మరింత ఆలోచింపదగినది. దాని సారమిది. తన మతమును పొగడుకొనుటకై పరమతమును నిందించువాడు తన మతమునకే కీడు చేసినవాడగును. ఒకరి ధర్మమును మరియొకరు వినవలెను, గౌరవింపవలెను. ఎర్రటి ఎండలో ఆ బండ యెదుట నిలిచి చూచినప్పుడు, రెండువేల రెండువందల యేండ్లకు పైగా ఈ మాట మన సీమలోనే ఉన్నదిగదా, మనమే చదువలేదని మాకు సిగ్గు కలిగినది.

ఒకే కాలము, ఒకే ఉలి

మన తిరుపతికి చేరువనే, ఏర్పేడు మండలమున, గుడిమల్లము కలదు. అచ్చటి పరశురామేశ్వరస్వామి లింగము ముందుభాగమున పరశువును పట్టిన శివుడు యక్షుని భుజములపై నిలిచి యుండును. ఆ లింగము కాలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయము లున్నను, పలువురు క్రీ.పూ. రెండవ, మొదటి శతాబ్దములని యందురు. దక్షిణాపథమున నేటికిని పూజలందుకొనుచున్న అతిప్రాచీన శివమూర్తులలో అదియొకటి. స్వామి పాదముల క్రింది యక్షుని, తలపాగాను, నగలను చూచిన శిల్పశాస్త్రజ్ఞులు భార్హుతు, సాంచి స్తూపముల శిల్పములను తలచుకొందురు. కృష్ణాతీరమున ధాన్యకటక స్తూపమునకు ఫలకములు చెక్కుచున్న యుగమునకు చెందిన శిల్పరీతియే స్వర్ణముఖీ ప్రాంతమున శివుని చెక్కినది. దేవుడు వేరైనను ఉలిపట్టు ఒకటే.

నాగార్జునకొండ కథ యింకను విశదము. మూడవ శతాబ్దమున విజయపురి రాజధానిగా ఏలిన ఇక్ష్వాకులలో మొదటి రాజు శాంతమూలుడు. ఆయన అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధములు చేసిన వైదికుడు, కార్తికేయుని భక్తుడు. ఆయన సోదరి శాంతిశ్రీ బుద్ధభక్తురాలు. ఆమె తన మేనల్లుడును అల్లుడునైన వీరపురుషదత్తుని ఆరవ పాలనాసంవత్సరమున మహాచైత్యమునకు స్తంభములు నిలిపించెను. ఆ లోయలో ముప్పదికి పైగా బౌద్ధకట్టడములు వెలసినవి. సింహళ భిక్షువులకు ప్రత్యేక విహారము కూడ ఉండెను. అదే లోయలో అశ్వమేధవేదియు, కార్తికేయాలయమును, శివాలయమును, అష్టభుజస్వామియను పేర విష్ణ్వాలయమును ఉండినవి. అన్న యజ్ఞము చేసెను, చెల్లెలు చైత్యము కట్టించెను. ఆ కుటుంబము చీలలేదు. 1926లో ఈ స్థలము గుర్తింపబడి, తరువాత త్రవ్వకములు జరిగినవి. నాగార్జునసాగరము నిర్మాణముచే లోయ మునుగనున్నందున 1954 నుండి 1960 వరకు మరల త్రవ్వి, శిథిలములను కొండపైకిని, అనుపునకును తరలించి నిలిపిరి. నేడు అది నీటి నడుమ ద్వీపము.

శివుని ఊరిలో బుద్ధుని దీపము

అమరావతి యనిన వెంటనే మనకు పంచారామములలో మొదటివాడైన అమరేశ్వరుడు గుర్తుకు వచ్చును. ఆ యాలయమున ఒక స్తంభముపై 1182 నాటి శాసనము కలదు. కోట వంశపు రెండవ కేతరాజు వేయించినది. పట్టణమున అమరేశ్వరుడు వెలసియున్నాడని చెప్పి, ఆ సమీపముననే చిత్రశిల్పములతో ఉన్నతమైన బుద్ధుని చైత్యము కలదని ఆ శాసనము వర్ణించుచున్నది. అమరేశ్వరుని కొలుచు ఆ రాజు బుద్ధదేవునకు గ్రామములు, అఖండదీపములు ఇచ్చెను. అంతఃపుర స్త్రీలును దీపము లిచ్చిరి. 1234లో మరియొక రాజకుటుంబపు స్త్రీ కూడ బుద్ధునకు అఖండదీపమును సమర్పించెను. 1344లో సింహళమునందలి గడలాదెణియ శాసనము, ధర్మకీర్తి యను స్థవిరుడు శ్రీధాన్యకటకమున బుద్ధాలయమును బాగుచేయించెనని తెలుపుచున్నది. అనగా శంకర రామానుజుల తరువాత కూడ, అన్నమయ్యకు నూరేండ్ల లోపుననే, తెలుగుదేశమున బుద్ధునకు దీపము వెలుగుచుండెనన్నమాట.

మన ప్రాంతమును ఏలిన చోళులును ఇట్టివారే. తంజావూరు బృహదీశ్వరాలయమును కట్టించిన రాజరాజచోళుడు పరమశైవుడు. ఆయనయే నాగపట్టణమున శ్రీవిజయరాజు కట్టించిన బౌద్ధవిహారమునకు ఆనైమంగలము గ్రామమును మాన్యముగ నిచ్చెను. ఆ తామ్రశాసనము తరువాతి కాలమున హాలెండు దేశపు లైడెన్ నగరమునకు చేరినది.

మరి యింతటి వైభవము ఎట్లు పోయినది? ఎవరో ఒకనాడు వచ్చి పడగొట్టిరని చెప్పుట సులభము. చరిత్ర అట్లు చెప్పదు. ఏడవ శతాబ్దమున చీనాయాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకమునకు వచ్చునప్పటికే పెక్కు విహారములు పాడుపడియుండెను. ఇరువదింట మాత్రము వేయిమంది భిక్షువులు కనబడిరి. దేవాలయములు నూరు దాకా ఉండెను. సముద్రవ్యాపారము సన్నగిల్లి వర్తకుల దానములు తగ్గినవి. రాజుల ఆదరము దేవాలయములవైపు మరలినది. ఆళ్వారుల, నాయనారుల భక్తిగానము పల్లెపల్లెకు పోయినది. విహారము ఊరిబయట నిలిచిపోయినది. గుడి ఊరినడుమకు వచ్చినది. మతముల నడుమ వాదములు, కాఠిన్యములు లేవని మేమనము. మన గురుపరంపర కథలలోనే బౌద్ధులయెడ కఠినముగ ప్రవర్తించిన ఘట్టములు ఉన్నవి. వానిని దాచుట భక్తి కాదు.

ఇక అసలైన నష్టము మనకు దగ్గరి కాలముననే జరిగినది. పదునెనిమిదవ శతాబ్దపు చివర అమరావతిలో క్రొత్త పట్టణము కట్టునప్పుడు, దీపాలదిన్నె యని జనులు పిలుచుచుండిన ఆ దిబ్బనుండి ఇటుకలు, చెక్కడపు రాళ్ళు త్రవ్వి ఇండ్లకును, మెట్లకును వాడిరి. కొన్నింటిని సున్నమునకై కాల్చిరి. 1797 ప్రాంతమున మెకంజీ దొర దానిని చూచెను. 1816లో మరల వచ్చి ఫలకములకు చిత్రములు గీయించెను. 1845లో ఎలియటు దొర త్రవ్వించిన ఫలకములు మదరాసునకును, అచ్చటినుండి లండనునకును చేరినవి. దిన్నెకు దీపములపేరు మిగిలినది. దీపము లెవరివో ఊరివారు మరచిరి. ద్వేషముతో చెరచినవారికన్న, తెలియక సున్నము కాల్చినవారివలననే ఎక్కువ పోయినది. ఈ మాట మనము మన గుడులకు కూడ అన్వయించుకొనవలెను.

అవతారమను మాట

ఇప్పుడు ఆ వృద్ధురాలికి మేము మొదట చెప్పిన బదులును పరీక్షింతము. భాగవతము ప్రథమస్కంధమున అవతారముల పట్టికలో కీకటదేశమున బుద్ధుడు జన్మించునని కలదు. కాని అందు చెప్పిన ప్రయోజనము సురద్వేషులను మోహింపజేయుట. విష్ణుపురాణమునందలి మాయామోహుని కథయు ఇట్టిదే. పండ్రెండవ శతాబ్దమున జయదేవకవి గీతగోవిందమునందలి దశావతార స్తుతిలో ఈ మోహమాటను విడిచి, పశుహింసను చూచి కరిగిన దయామూర్తిగా బుద్ధుని కీర్తించెను. దక్షిణాది శ్రీవైష్ణవులు చాలమంది దశావతారములలో బుద్ధుని చేర్చక బలరాముని లెక్కింతురు. మన అన్నమాచార్యులు స్వామి నూయల లూపు ఒక సంకీర్తనమున దశావతారములను చెప్పుచు బుద్ధుని పేరు చేర్చిరి. కావున ఈ విషయమున మన సంప్రదాయమునందే మూడు త్రోవలు కలవు.

మరి బౌద్ధు లేమందురు? బుద్ధుని విష్ణ్వవతారమని వారు అంగీకరింపరు. సంబోధి యెవరో దేవుడు దిగివచ్చుట కాదు, మానవుడే తన ప్రయత్నముచే పొందిన జ్ఞానమని వారి నమ్మకము. 1956 అక్టోబరు 14న నాగపురమున డాక్టర్ అంబేద్కరు బౌద్ధమును స్వీకరించినప్పుడు చేసిన, చేయించిన ఇరువదిరెండు ప్రతిజ్ఞలలో, బుద్ధుని విష్ణ్వవతారముగా ఎంచనని ఒకటి. అంటరానితనముచే అవమానము లనుభవించిన జనులు స్వాభిమానముతో ఎంచుకొన్న మార్గమది. మన జిల్లాలలోను అట్టి కుటుంబము లున్నవి. వైశాఖ పూర్ణిమనాడు వారు బుద్ధవిగ్రహము ముందు దీపము వెలిగించి పంచశీలములు చెప్పుకొనునప్పుడు, మనము పోయి "ఆయన మావాడే" యని చెప్పుట గౌరవము కాదు. పొరుగింటివారి తండ్రిని గౌరవించుటకు ఆయనను మన యింటిపేరుతో పిలువనక్కర లేదు.

మా బదులు అసత్యమని మేమనము. మన గ్రంథములలో అవతారమని యున్నది. భక్తుడు అట్లు తలచి నమస్కరించిన దోషము లేదు. అయితే ఆ మాట చెప్పి మేము ఆమె ప్రశ్నను తప్పించుకొంటిమి. అవతారమని చెప్పి, ఆయన యేమి బోధించెనో విచారింపక, ఆయన స్తూపపు రాళ్ళు ఏమైనవో చూడక ఊరకుండుట పూజయే కాదు. ఆయన బోధలో మనకు సమ్మతము కానిదియు కలదు. యజ్ఞమును, ఆత్మను గూర్చి ఆయన చెప్పినది మన ఆచార్యులు ఖండించిరి. ఖండించుటకు ముందు వారు దానిని శ్రద్ధతో చదివిరి. చదువక అవతారమనుటకన్న, చదివి భేదించుటయే ఎక్కువ మర్యాద.

మనము చేయదగినది

ఆ పూర్ణిమనాడు మన భక్తులు ఏమి చేయవలెను? మన పూజలు మానవలెనని మేము చెప్పము. గరుడసేవను దర్శింపుడు, అన్నమయ్య కీర్తనలు పాడుడు. దానితోపాటు మూడు పనులు చేయుడు. మొదటిది, ఆనాడు మనసా వాచా కర్మణా ఒక ప్రాణిని హింసింపకుండుట. నోటితో చేయు హింస కూడ హింసయే. ఇతరుల మతమును గూర్చి ఆ ఒక్కదినము ఒక్క పరుషవాక్యము పలుకకుండుడు. ఎర్రగుడి బండపైని మాట అదియే. రెండవది, వైశాఖపు టెండలో నడచువారికి నీరు, మజ్జిగ ఇచ్చుట. చలివేంద్రము మన ఆచారము. బాటసారికి అన్నపానీయము లిచ్చుట బౌద్ధులకును ఈ పర్వపు ముఖ్యధర్మము. త్రాగువాని దప్పికకు మతము లేదు. మూడవది, మీ ఊరి పొలములో, గుట్టపై, చెరువుకట్టలో చెక్కిన రాయియో, పాత ఇటుకయో కనబడిన, అది శివునిదా జినునిదా బుద్ధునిదా యని చూడక కాపాడుట. పురావస్తుశాఖవారికి తెలుపుడు. దానిపై సున్నము పూయకుడు, గోడలో పెట్టకుడు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వత్తము. మన ప్రక్క ఆయనకు గుడి ఎక్కడ ఉన్నది? తిరుపతినుండి రేణిగుంట, కోడూరు మీదుగా కడపకు పోవు దారిలో రాజంపేట వచ్చును. దాని చేరువ తాళ్ళపాక. సర్వధారి సంవత్సర వైశాఖ పూర్ణిమనాడు, అనగా 1408లో, అన్నమాచార్యులు పుట్టిన ఊరు. ఆ దారిని ఇంకను కొంతదూరము పోయిన, చెయ్యేటి యొడ్డున నందలూరు. అచ్చట సౌమ్యనాథస్వామిని దర్శించి మరలు భక్తులు అనేకులు. ఆ ఊరి సమీపపు గుట్టపైనే బౌద్ధస్తూపముల, విహారముల శిథిలములు ఉన్నవి. సౌమ్యనాథుని దర్శించిన పిదప మేమును అచ్చటికి పోతిమి. ఇటుకల వరుసలు తప్ప వేరేమియు లేదు. దీపము లేదు, పూజారి లేడు, ప్రసాదము లేదు. మేము నిలిచియుండగా క్రింద మేకలు మేపుచున్న బాలుడు మమ్ము చూచి నవ్వినాడు.

ఆ ఇటుకల నడుమ నిలిచి మేము తలచినదిది. ఈ గుట్టపై భిక్షువులు వైశాఖ పూర్ణిమనాడు ఉపోసథము పాటించిన రోజులు పోయిన ఎన్నో శతాబ్దములకు, కొన్ని క్రోసుల దూరమున, అదే పూర్ణిమనాడు, వేంకటేశ్వరుని కీర్తించుటకై ఒక శిశువు పుట్టెను. ఒకరు మౌనముతో, ఒకరు పాటతో, దుఃఖములో నున్న జనులకు దారి చూపిరి. వారు చూపిన దారులు వేరు. వారిద్దరికిని వెన్నెల కురిపించిన చంద్రుడు ఒక్కడే. వారిద్దరిని మోసినది ఈ చెయ్యేటి నేలయే. అమ్మా, ఆ గుడి మన ప్రక్కనే ఉండినది. మనమే దారి మరచితిమి. పండుగ వారిదే, దానిని కాపాడవలసిన బాధ్యత మాత్రము మనది కూడ.

వచ్చు వైశాఖ పూర్ణిమకు తాళ్ళపాకకు పోవు భక్తులు వీలైనచో నందలూరు గుట్టవరకును పోవుదురు గాక. పూజ చేయనక్కర లేదు, రాయిని కదల్పనక్కర లేదు. కాసేపు నిలిచి, ఒకనాడు ఇచ్చట దీపము వెలిగినదని పిల్లలకు చెప్పిన చాలును.

శుభమస్తు.